కాంటా కాడి కంప్యూటరు

పదకొండో నిమిషానికి పాణం ఇడుస్తది.
ముందుగాల ఫ్యాను గొంతు పెంచుతది
మొండికేసిన పిల్లగాని లెక్క,
ఆ మీదట ఒక్కసారే చీకటి.
ట్రాక్టరు కాంటా మీదనే ఉంటది,
అంకెలు ఎటో పోతయి.

మిర్యాలగూడ, బైపాసు దిక్కు, మే నెల.
రేకుల రూముల నేను, ఒక కుర్చీ,
పెన్నుకు దారం కట్టిన రిజిస్టరు.
బయట ముప్పై ఎనిమిది బండ్లు.

మిల్లు గుమస్తా కోటేశం వైరస్సన్నడు.
కాలేజీ పిల్లగాడొకడొచ్చి విండోస్ కొత్తగ ఎక్కించి
ఐదువందలు పట్టుకపోయిండు.
ఈసారి పన్నెండో నిమిషానికి పోయింది.
అంటే ఒక్క నిమిషం
ఐదువందలకు కొన్నమన్నట్టు.
పక్క రేకు ఇప్పి టేబుల్ ఫ్యాను పెట్టిన,
ఉన్న దుమ్మును ఇంకింత లోపలికి ఊదిందది.
తడిగుడ్డ కప్పుదామన్నది ఊడ్చే సైదమ్మ,
జరమొచ్చినోళ్లకు అట్లనే చేస్తరు గద అని.
నేను నవ్వలే. రోగం పేరు ఆమెకే దొరికింది,
మందొక్కటే తప్పు.

వరుసల మూడో బండి రమావత్ హరియాది.
దామరచర్ల అవతల తండా.
రాత్రే రోడ్డు మీది ఇంకో కాంటల తూకమేయించుకున్నడు,
చీటీ అంగీ జేబుల ఉన్నది.
పచ్చి వడ్లు. పట్టా తీస్తే ఎండ తాగుతది,
కప్పితే ముక్కవాసన పడతది.
"మీ మిషను సల్లబడేదాంక
నా వడ్లు ఎండుతున్నయి గద సారూ"
అన్నడు, కోపంగ కాదు,
లెక్క చెప్పినట్టు.

పగటీలి రెండింటికి లతీఫ్ వచ్చిండు,
చెవి మీద పెన్సిలు ఉండే కాడ స్క్రూడ్రైవరు.
ఏమీ అడగలే. పెట్టెకు చెవి ఆనిచ్చి ఇన్నడు.
"తిరుగుడైతే తిరుగుతుంది. గాలి పోతలేదు."
ఫ్యాను ఇప్పితే, కింద అల్యూమినియం రెక్కల నడుమ
బొంత. నిజంగ బొంతనే.
మూడు సీజన్ల వడ్ల నూగు, తవుడు, బీడీ మసి,
ఒక బల్లిగుడ్డు పెంకు,
అన్నీ కలిసి నేసుకున్నయి.
వేలు పెట్టి లాగితే ఒకటే తునకగ వచ్చింది.

"ఇది సగమే" అన్నడు.
దిమ్మెకు నాలుగు కాళ్లుంటే ఒకటి ఇరిగింది.
ఆ మూల లేచి, చిప్పుకూ దానికీ మధ్యన
ఎంట్రుక మందం సందు.
పేస్టు ఎండి నెర్రెలిచ్చింది,
ఎడమ కాలువకు నీళ్లిడవని ఏడు
మా చేను ఇచ్చినట్టు.
"అంటితేనే వేడి దిగుతది భయ్యా,
దగ్గరుంటే సాలదు."
పాతది స్పిరిటు పెట్టి తుడిచి
కందిగింజంత కొత్తది పెట్టిండు.
ఇరిగిన కాలుకు ప్లాస్టిక్ ట్యాగు బిగించి
రేపు కొత్తది తెస్తనన్నడు.
ఆ రేపు ఇంకా రాలే.

తొంభై ఆరు కాడ సచ్చేది
అరవై రెండు కాడ నిలబడ్డది.
బయటనే నలభై ఐదు,
ఇంకా దిగమంటే ఎటు దిగుతది.

బండి ఎక్కకముందు ఆ బొంతను తీస్కపోయి
కాంటా మీద పెట్టిన. ఊకెనే.
సున్నా.
పది కిలోలు దాటితే గని
దాని కంటికి ఆనదు.

హరియా బండి ఎక్కింది.
రాత్రి చీటీ కన్న అరవై కిలోలు తక్కువ.
మిషను ఆగలే, గొంతు పెంచలే,
సల్లగ చూపెట్టింది.
"కాంటా కరెక్టే" అన్నడు కోటేశం.
కరెక్టే.
హరియా రెండు చీటీలు పక్కపక్కన పెట్టి సూసిండు,
ఎన్క తలెత్తి ఎండను సూసిండు,
బాకీదారుణ్ణి సూసినట్టు.

పోయేటప్పుడు, కాంటా అంచున పడున్న బొంతను తీసి
అరచేతుల పెట్టుకొని ఊదిండు.
నూగంత లేచిపోయింది,
రెండు గింజలు మిగిలినయి.
"ఇవెవరియి సారూ?"

రిజిస్టరుల ఆ గడి లేదు.
ఎన్క బండి నంబరు పిలిచిన.